విజయవాడ, గుంటూరు మ్యాన్‌పవర్ ఏజెన్సీల జాయినింగ్ కాగితాలు: ఏది సంతకం పెట్టొచ్చు, ఏది కూడదు

ఈ రివ్యూలో ఏ ఏజెన్సీ పేరూ లేదు. ఏజెన్సీ మారినా కాగితాలు పెద్దగా మారవు. ఆటోనగర్‌లో వెల్డర్‌కి ఇచ్చే అండర్‌టేకింగే (హామీ పత్రమే) గుంటూరు బ్రాడీపేటలో డేటా ఎంట్రీ అమ్మాయికీ ఇస్తారు, పైన పేరు మార్చి. అందుకే ఇక్కడ చూస్తున్నది కాంట్రాక్టు ఉద్యోగం ఇప్పించే ఏజెన్సీ సేవ ఎలా ఉందన్నది. అందులోనూ ముఖ్యంగా చేరే రోజున ముందు పెట్టే కాగితాల కట్ట.

ముందు బాగున్నది చెప్పాలి. ఉద్యోగం దొరకడం వరకు ఈ సేవ పనిచేస్తుంది. రెజ్యూమె ఇచ్చిన వారం పది రోజుల్లో ఇంటర్వ్యూకి పిలుపు వస్తుంది. గోడౌన్లు, స్పిన్నింగ్ మిల్లులు, ఆసుపత్రుల హౌస్‌కీపింగ్, బ్యాంకుల బ్యాక్ ఆఫీసు, గన్నవరం, మంగళగిరి వైపు ఐటీ సపోర్టు లాంటి చోట్ల నేరుగా వెళ్తే గేటు దాటడం కష్టం, ఏజెన్సీ ద్వారా వెళ్తే సులువు. జీతం బ్యాంకు ఖాతాలోనే పడుతుంది, ఎక్కువ చోట్ల 7వ తేదీలోపే. ఇంతవరకు అయిదుకి నాలుగు ఇవ్వొచ్చు. జాయినింగ్ కాగితాల దగ్గరికి వచ్చేసరికి ఒకటికి మించి ఇవ్వలేం.

ఆ కట్ట ఎలా ఉంటుందంటే, పదిహేను ఇరవై షీట్లు, సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా పెన్సిల్‌తో చిన్న ఇంటూ మార్కు. పైన ఫోటో అంటించే దరఖాస్తు, కింద బ్యాంకు వివరాలు, నామినేషన్ ఫారాలు. మధ్యలో నాలుగైదు కాగితాలు ఉంటాయి, అసలు గొడవంతా వాటితోనే. చదవబోతే కౌంటర్ అవతల నుంచి మాట రెడీగా ఉంటుంది: "అందరూ పెట్టేదేనమ్మా, ఫార్మాలిటీ. నాలుగింటికల్లా క్లయింట్‌కి పంపాలి, లేకపోతే నీ ప్లేస్ వేరేవాళ్లకి వెళ్లిపోతుంది." తొందరపెట్టడమే ఇక్కడ ఆయుధం. ఆ మధ్య కాగితాలను రెండు రకాలుగా విడదీసి చూడాలి. కొన్ని చూడగానే భయపెడతాయి కానీ చట్టం ముందు చెల్లవు. కొన్ని చూడ్డానికి మామూలుగా ఉండి, తర్వాత మెడకు చుట్టుకుంటాయి. చాలామంది మొదటి రకానికి భయపడి, రెండో రకం మీద ఆలోచించకుండా సంతకం పెట్టేస్తారు.

మొదటి రకం: "నాకు పీఎఫ్, ఈఎస్‌ఐ, బోనస్ అవసరం లేదు. నా ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను. భవిష్యత్తులో ఎలాంటి క్లెయిమ్ చేయను." ఇది స్టాంపు కాగితం మీద నోటరీ ముద్రతో ఉన్నా విలువ లేదు. కనీస వేతనం విషయంలో కనీస వేతనాల చట్టం (1948) సెక్షన్ 25 ఇదే చెప్పింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో సెక్షన్ 60 కూడా అదే చెబుతోంది: ఆ కోడ్ ప్రకారం రావాల్సిన సొమ్మును, బోనస్‌ను ఉద్యోగి వదులుకుంటున్నట్టు రాసే ఏ ఒప్పందమైనా చెల్లదు. ఇలాంటి కాగితం మీద ఇప్పటికే సంతకం పెట్టినవాళ్లు "రాసిచ్చేశాం కదా, ఇంకేం అడుగుతాం" అని ఊరుకోవద్దు. డబ్బు ఇచ్చినట్టు రుజువు చూపాల్సిన బాధ్యత కూడా యజమానిదే.

"పనిలో ప్రమాదం జరిగితే పూర్తి బాధ్యత నాదే" అనే కాగితమూ అంతే. ప్రమాద పరిహారాన్ని ముందే వదులుకోమనే ఒప్పందం చెల్లదని 1923 నాటి పరిహార చట్టం నుంచీ ఉన్న సంగతే. ఈఎస్‌ఐ ఉన్నవాళ్లకైతే పనిలో గాయపడితే ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న షరతు కూడా లేదు. చేరిన మొదటి రోజు దెబ్బ తగిలినా తాత్కాలిక వైకల్యానికి జీతంలో 90 శాతం లెక్కన ఇస్తారు. చిక్కు ఎక్కడంటే, దెబ్బ తగిలాక ఏజెన్సీ అప్పటికప్పుడు ఈఎస్‌ఐ నంబరు తీయడానికి పరుగెత్తుతుంది, చేరిన తేదీ మార్చి రాస్తుంది. అందుకే చేరిన వారంలోపే ఈ-పెహచాన్ కాగితం (ఈఎస్‌ఐ గుర్తింపు పత్రం) చేతికి తీసుకుని, అందులో చేరిన తేదీ, కుటుంబ సభ్యుల పేర్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. గుణదల ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్లినా, మరో డిస్పెన్సరీకి వెళ్లినా అడిగేది ఆ నంబరే. జబ్బు చేసి సెలవు పెడితే జీతంలో 70 శాతం ఏడాదికి 91 రోజుల వరకు వస్తుంది. దానికి మాత్రం ఏప్రిల్–సెప్టెంబర్ లేదా అక్టోబర్–మార్చి ఆరు నెలల్లో కనీసం 78 రోజుల చందా పడి ఉండాలి. మధ్యలో పదిహేను రోజులు "బ్రేక్" ఇచ్చి మళ్లీ చేర్చుకునే ఏజెన్సీల దగ్గర ఈ 78 రోజుల లెక్క తప్పకుండా చూసుకోండి.

ఇక రెండో రకం. ఇందులో మొదటిది పీఎఫ్ ఫారం 11. ఒకటి రెండు పేజీల సాదా ఫారం. "ఇంతకు ముందు పీఎఫ్ సభ్యులుగా ఉన్నారా?" అన్న గడిలో "లేదు" అని పెన్సిల్‌తో ముందే టిక్కు పెట్టి ఇస్తారు. ఎందుకో తెలియాలి. చేరేటప్పుడు పీఎఫ్ జీతం 15,000 దాటి, అంతకుముందు ఎప్పుడూ సభ్యత్వం లేనివారిని మాత్రమే పీఎఫ్ నుంచి మినహాయించొచ్చు. 15,000 లోపు వారికి వద్దనే అవకాశమే లేదు. పాత యూఏఎన్‌లో (పీఎఫ్ సభ్యుడి శాశ్వత నంబరు) డబ్బు ఉన్నవారికి జీతం ఎంతైనా పీఎఫ్ కొనసాగాల్సిందే. "లేదు" అని సంతకం పెడితే అది మీరు ఇచ్చిన తప్పుడు డిక్లరేషన్ అవుతుంది. రేపు అడగబోతే ఏజెన్సీ ఆ కాగితమే చూపిస్తుంది.

దీని వెనుక లెక్క చూడండి. నెలకు 14,000 మీద ఉద్యోగి వాటా 12 శాతం, అంటే 1,680. యజమాని వాటా మరో 1,680. అందులో 8.33 శాతం, అంటే 1,166 పెన్షన్‌కి పోయి, 514 మీ పీఎఫ్‌లో పడుతుంది. బీమా, పరిపాలన ఖర్చులు కలిపితే యజమాని మీద పడేది 13 శాతం, 1,820. "పీఎఫ్ వద్దంటే చేతికి 1,680 ఎక్కువొస్తుంది" అని చెప్పి ఒప్పిస్తారు. ఆ 1,680 ఎలాగూ మీ సొమ్మే. పదకొండు నెలల్లో మీ ఖాతాలో, పెన్షన్‌లో కలిపి పడాల్సిన 36,960లో సగం, 18,480, మీదాకా రాకుండా పోతుంది. పైగా చాలా ఒప్పందాల్లో, మీరు పనిచేసే క్లయింట్ కంపెనీ ఏజెన్సీకి కట్టే బిల్లులో జీతం, పీఎఫ్, ఈఎస్‌ఐ, సర్వీస్ చార్జీ విడివిడి లైన్లుగా ఉంటాయి. క్లయింట్ కట్టిన పీఎఫ్‌ని ఏజెన్సీ దాచుకుంటే వంద మందికి నెలకు 1,82,000. మీ చేత వద్దనిపించడానికి అంత పట్టుదల ఎందుకో ఈ అంకెలోనే ఉంది. సర్వీసులో ఉండగా మనిషి చనిపోతే కుటుంబానికి 7 లక్షల వరకు వచ్చే ఈడీఎల్‌ఐ బీమా కూడా పీఎఫ్‌తోనే పోతుంది. దాని గురించి కౌంటర్‌లో ఎవరూ చెప్పరు.

పీఎఫ్ కట్టే ఏజెన్సీల్లోనూ చూడాల్సింది ఒకటుంది. 14,000 జీతాన్ని బేసిక్ 5,000, మిగతాదంతా రకరకాల అలవెన్సులుగా ముక్కలు చేసి, 5,000 మీదే పీఎఫ్ కడతారు. అందరికీ సమానంగా ఇచ్చే అలవెన్సులు బేసిక్‌లో భాగమేనని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఇప్పుడు కోడ్ ప్రకారం మినహాయించే అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినదంతా వేతనంలోకే వచ్చి చేరుతుంది. పేస్లిప్‌లో బేసిక్, డీఏ కలిపి సగం కన్నా తక్కువ కనిపిస్తే అడగండి. యజమాని వాటా కూడా మీ జీతంలోనే కోస్తుంటే అది నేరుగా నిబంధనల ఉల్లంఘన.

అన్నిటికన్నా ప్రమాదమైనది ఖాళీ ప్రోనోటు (అప్పు పత్రం), ఖాళీ చెక్కు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ప్రోనోటు అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు. కానీ అప్పు తీసుకోనివాళ్లు ఉద్యోగం కోసం ప్రోనోటు రాసివ్వడం మాత్రం అస్సలు కూడదు. "మధ్యలో మానేయకుండా సెక్యూరిటీ" అంటారు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం పెట్టించి, మొత్తం, తేదీ ఖాళీగా వదిలేస్తారు. అలా అసంపూర్తిగా సంతకం పెట్టి ఇచ్చిన పత్రాన్ని నింపుకునే అధికారం పట్టుకున్నవాడికి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 20 ఇస్తోంది. చెక్కు సంగతి ఇంకా కష్టం. ఖాళీ చెక్కు అయినా స్వచ్ఛందంగా సంతకం పెట్టి ఇస్తే, అప్పు ఉన్నట్టే కోర్టు మొదట భావిస్తుందని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. లేదని చూపించుకోవాల్సింది సంతకం పెట్టినవాళ్లే. చెక్కు బౌన్స్ అయితే సెక్షన్ 138 కింద రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు వరకు జరిమానా, లేదా రెండూ. పై పేరాల్లోని అండర్‌టేకింగులు పది కలిపినా ఈ ఒక్క చెక్కంత హాని చేయవు.

కాబట్టి ఇది ఇవ్వొద్దు. "చెక్కు బుక్ లేదండీ, ఖాతా కొత్తది" అని చెప్పినా సరిపోతుంది. చాలాచోట్ల రెండోసారి అడగరు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే చెక్కు నంబరు రాసి, "ఫలానా తేదీన ఉద్యోగంలో చేరేటప్పుడు సెక్యూరిటీగా మాత్రమే ఇచ్చాను, మీకు నేను ఎలాంటి అప్పూ లేను, తిరిగి ఇవ్వండి" అని ఏజెన్సీకి స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి, అందినట్టు రుజువు దాచుకోవాలి. బ్యాంకులో స్టాప్ పేమెంట్ కూడా ఇవ్వొచ్చు, కానీ అదొక్కటే కేసు రాకుండా ఆపదు. గొడవ రాకముందే పంపిన ఆ ఉత్తరమే తర్వాత కోర్టులో పనికొస్తుంది. చెక్కు వెనక్కి వచ్చాక 30 రోజుల్లో నోటీసు వస్తుంది. అందిన 15 రోజుల్లోపు లాయరు చేత జవాబు ఇప్పించాలి. నోటీసు తీసుకోకుండా తిప్పి పంపితే మేలు జరగదు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకోవడం నర్సింగ్, ల్యాబ్, ఐటీ ఉద్యోగాల్లో ఎక్కువ. వాటిని తాకట్టులా అట్టిపెట్టుకునే హక్కు ఏ ఏజెన్సీకీ లేదు. పరిశీలనకు చూపించండి, పక్కనే ఉండి వెనక్కి తీసుకోండి. జిరాక్సుల మీద "ఉద్యోగ పరిశీలన నిమిత్తం మాత్రమే" అని తేదీతో సహా అడ్డంగా రాయండి. ఆధార్ అయితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి. తప్పనిసరై ఇస్తే ఏయే సర్టిఫికెట్లు, నంబర్లతో సహా, ఏ తేదీకి తిరిగి ఇస్తారో లెటర్‌హెడ్ మీద రాయించుకోవాలి. రాసివ్వనంటే ఇవ్వకుండా లేవడమే.

బాండు విషయంలో మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. అన్ని బాండ్లూ చెల్లవని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఉద్యోగం మానేశాక ఫలానా కంపెనీలో చేరకూడదు అనే షరతు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం చెల్లదు. కానీ ఇన్నాళ్లు పనిచేయాలి, ముందే మానేస్తే ఇంత కట్టాలి అనే షరతు వేరు. ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు మూడేళ్లకు పెట్టిన 2 లక్షల బాండును 2025 మేలో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే సెక్షన్ 74 ప్రకారం రాసుకున్న మొత్తానికి మించకుండా, సమంజసమైన పరిహారమే ఇప్పిస్తారు. రెండు రోజుల ఇండక్షన్ ఇచ్చి లక్ష అడిగే మ్యాన్‌పవర్ ఏజెన్సీ, ఆ లక్ష సమంజసమేనని చూపించడం తేలిక కాదు. అయినా బాండు రాయాల్సి వస్తే శిక్షణ ఖర్చు ఎంత, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, నెలలు గడిచేకొద్దీ ఎంత తగ్గుతుంది అన్నవి అందులోనే రాయించండి.

తేదీ లేని రాజీనామా, తేదీ లేని "ఫుల్ అండ్ ఫైనల్ ముట్టింది" రసీదు కూడా కట్టలో కనిపిస్తాయి. వీటికి మందు ఒక్కటే: సంతకం పక్కన ఆ రోజు తేదీ మీ చేత్తో వేయండి. చేరిన తేదీనే రాజీనామా ఎవరైనా ఇస్తారా? ఆ తేదీతో అది ఏజెన్సీకి పనికిరాని కాగితం అయిపోతుంది. పని మాన్పించినా, మీరే మానేసినా బకాయి జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. 45 రోజుల తర్వాత సెటిల్‌మెంట్ అన్న ఏజెన్సీ షరతు దాని ముందు నిలవదు.

ఐటీ, డిజైన్, మార్కెటింగ్ వాళ్లకి వేరే రకం ఒత్తిడి. "ఎంప్లాయీగా కాదు, కన్సల్టెంట్‌గా తీసుకుంటాం" అంటారు. పది శాతం టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) కోసి మిగతాది ఇస్తారు. పీఎఫ్, సెలవులు, గ్రాట్యుటీ ఉండవు. హాజరు వాళ్ల యాప్‌లో, షిఫ్టు వాళ్లు చెప్పింది, ల్యాప్‌టాప్ వాళ్లది, వేరే పని చేయకూడదన్న షరతు కూడా ఉంటే పైన కన్సల్టెంట్ అని రాసినంత మాత్రాన ఉద్యోగి కాకుండా పోరు. పనిని ఎవరు అజమాయిషీ చేస్తున్నారన్నదే చూస్తారు. హాజరు స్క్రీన్‌షాట్లు, షిఫ్టు మెయిళ్లు నెలనెలా సొంత మెయిల్‌కి పంపి పెట్టుకోండి.

ఇక్కడి నుంచి వెళ్లి బ్రిటన్‌లో సొంత లిమిటెడ్ కంపెనీ పెట్టుకుని ఐటీ కాంట్రాక్టులు చేసేవారికీ ఇలాంటి కాగితమే ఎదురవుతుంది. అక్కడ ఏజెన్సీలకు 2003 నాటి కండక్ట్ రెగ్యులేషన్స్ ఉన్నాయి. క్లయింట్ టైమ్‌షీట్ మీద సంతకం పెట్టలేదన్న సాకుతో జీతం ఆపకూడదు లాంటి రక్షణలు అందులోవే. వాటి నుంచి "ఆప్ట్ అవుట్" చేయమని ఏజెన్సీలు ఫారం పంపిస్తాయి. ఇక్కడితో తేడా ఏమిటంటే, అక్కడ ఆ ఆప్ట్ అవుట్‌ని చట్టమే అనుమతిస్తుంది కాబట్టి అది నిజంగా చెల్లుతుంది. కంపెనీ, పనిచేసే మనిషి ఇద్దరూ ఒప్పుకోవాలి, క్లయింట్‌కి పరిచయం చేయకముందే ఇవ్వాలి. అయితే ఆప్ట్ అవుట్ చేస్తేనే పని చూస్తాం అని షరతు పెట్టే హక్కు ఏజెన్సీకి లేదని అదే నిబంధన చెబుతోంది. ఆ మాట మెయిల్‌లో అడిగితే చాలు, "తప్పనిసరి" అన్న ఫారం ఐచ్ఛికం అయిపోతుంది.

మళ్లీ మన కౌంటర్ దగ్గరికి. అక్కడ గొడవ పడక్కర్లేదు. "ఇంట్లో నాన్నగారికి చూపించి రేపు పొద్దున పదింటికి తెస్తానండీ" అనండి. కట్ట ఇంటికి ఇవ్వనంటే ప్రతి పేజీ ఫోన్లో ఫోటో తీయండి. ఖాళీ గడులన్నిటికీ అడ్డగీత కొట్టండి. పెన్సిల్ టిక్కు తుడిచి మీ టిక్కు మీరే పెన్నుతో పెట్టండి. నియామక పత్రం లేకుండా చేరకండి, ప్రతి ఉద్యోగికీ అది ఇవ్వడం ఇప్పుడు తప్పనిసరి. యూఏఎన్ లేకపోతే కేంద్ర ప్రభుత్వ ఉమంగ్ యాప్‌లో ముఖ గుర్తింపుతో మీ ఫోన్లోనే తీసుకోండి. ఏజెన్సీ వాళ్ల ఫోన్ నంబరు అందులో పడితే పాస్‌బుక్ మీకు కనపడదు, మానేశాక నంబరు మార్చుకునే తిప్పలు మీవే. మనవాళ్లకి ఎక్కువగా వచ్చే ఇంకో చిక్కు ఇంటిపేరు: ఆధార్‌లో పూర్తిగా, టెన్త్ సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఉంటుంది. పీఎఫ్‌లో ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి, లేకపోతే క్లెయిమ్ తిరిగొస్తుంది.

చేరాక నెలనెలా 15వ తేదీ దాటాక చూసుకోవాలి, ముందు నెల పీఎఫ్ కట్టడానికి గడువు అదే. యూఏఎన్‌తో లింకైన ఫోన్ నుంచి 9966044425కి మిస్డ్ కాల్ ఇస్తే చివరి జమ ఎంతో మెసేజ్ వస్తుంది. చేరకముందే ఏజెన్సీ తీరు తెలుసుకోవాలంటే ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ సంస్థ) సైట్‌లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెర్చ్‌లో పేరు కొట్టండి. ఏ నెలకు ఎంతమందికి ఎంత కట్టారో కనిపిస్తుంది. అయిదు వందల మంది స్టాఫ్ ఉన్నారని బోర్డు పెట్టి ముప్ఫై మందికే కడుతుంటే, మిగతావారి చేత ఏ కాగితం మీద సంతకం పెట్టించారో మీకు అర్థమైపోతుంది.

కట్టడం లేదని తేలితే ముందు ఏజెన్సీకి కాదు, మీరు రోజూ పనిచేసే కంపెనీ హెచ్‌ఆర్‌కి రాయండి. కాంట్రాక్టరు జీతం, పీఎఫ్ ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత ప్రిన్సిపల్ ఎంప్లాయర్ మీద, అంటే పని చేయించుకునే ఆ కంపెనీ మీద పడుతుంది, ఆ తర్వాత వాళ్లు ఏజెన్సీ బిల్లులో కోసుకుంటారు. ఉత్తరం పెద్దది అక్కర్లేదు: "ఫలానా ఏజెన్సీ ద్వారా ఫలానా తేదీ నుంచి మీ దగ్గర ఫలానా పని చేస్తున్నాను. యూఏఎన్ ఇది. జూన్, జూలై నెలల పీఎఫ్ జమ కాలేదు. పేస్లిప్‌లో 1,680 చొప్పున కోత ఉంది. ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌గా జమ చేయించగలరు." పేస్లిప్, పాస్‌బుక్ జత చేసి మెయిల్ పెట్టండి. జీతంలో కోసి జమ చేయకపోవడం నమ్మకద్రోహం కింద క్రిమినల్ నేరం అని కంపెనీలకు బాగా తెలుసు. ఫిర్యాదుల్లో త్వరగా కదిలేది ఈ దారే. రెండు వారాల్లో జవాబు లేకపోతే పీఎఫ్ ఫిర్యాదుల సైట్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు పెట్టి, ఆ నంబరుతో విజయవాడ లేదా గుంటూరు పీఎఫ్ ఆఫీసుకి వెళ్లండి. జీతం, బోనస్ బకాయిలకైతే కార్మిక శాఖ సహాయ కమిషనర్ దగ్గర క్లెయిమ్ వేయాలి, గడువు మూడేళ్లు. సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్‌లో (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక) అర్జీ ఇచ్చినా కార్మిక శాఖకే వస్తుంది, కాకపోతే రసీదు, గడువు ఉంటాయి కాబట్టి ఫైలు కదులుతుంది.

చెక్కు నోటీసు వచ్చినా, సర్టిఫికెట్లు ఇవ్వకపోయినా లాయరు ఫీజుకి భయపడి ఆగిపోవద్దు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఆఫీసు జిల్లా కోర్టు ఆవరణలోనే ఉంటుంది, ఫోన్ 15100. వెళ్లేటప్పుడు నియామక పత్రం, పేస్లిప్‌లు, జాయినింగ్ రోజు తీసిన ఫోటోల ప్రింట్లు రెండేసి సెట్లు పట్టుకెళ్లండి.